దుర్మార్గపు పాలకుణ్ణి బయటి సైన్యం వచ్చి దించేస్తే ఆ దేశానికి ఎప్పుడైనా మేలు జరిగిందా?

పెరంబూరు_శీను
నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైంది గొడవ. టీవీలో ఎక్కడో బాంబులు పడుతున్న వార్త వస్తోంది. మావాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. "సొంత జనాన్ని చంపుకునే వాణ్ణి బయటివాళ్లొచ్చి దించేస్తే తప్పేంటి తాతా?" అన్నాడు. మా నాన్న ఏమీ అనలేదు. పెరుగన్నం కలుపుకున్నది కలుపుకున్నట్టే వదిలేసి చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

నాన్న మిలటరీలో పనిచేసి రిటైరయ్యారు. 87 నుంచి 89 దాకా శ్రీలంకలో మన శాంతి సేనలో ఉన్నారు. ఆ రెండేళ్ల గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడరు. అమ్మకే తెలీదు, మాకేం తెలుస్తుంది.

మావాడి ప్రశ్న తప్పు అనలేకపోతున్నా. నాన్న లేచిపోవడమూ తప్పు అనలేకపోతున్నా. ఇక్కడ చదువుకున్నవాళ్లు, దేశాలు తిరిగినవాళ్లు ఉన్నారు కదా. ఇలా సైన్యాన్ని పంపే దేశాలు అసలు ఎందుకు పంపుతాయి? వెళ్లాక అక్కడేం మిగిలింది? పార్టీల గొడవ వద్దు. మావాడికి చదివి వినిపిస్తా.

మెట్రో_మధు
ఎందుకు పంపుతారంటే చమురు. ఇంకేం ఉంది.

ఓఎమ్మార్_రాధిక
మధూ, అన్నిటికీ చమురే అంటే ఎలా? కొసావోలో చమురుందా? 1999లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో 78 రోజులు బాంబులేసింది, అక్కడ చుక్క చమురు లేదు. అఫ్గానిస్తాన్‌లో ఏం చమురుంది?

శీను గారూ, మీ అబ్బాయి వైపే నేను. 1994లో రువాండాలో ఏం జరిగిందో వాడికి చెప్పండి. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది. చేతుల్లో కత్తులు పట్టుకుని పక్కింటివాళ్లే చంపారు. అప్పుడక్కడ ఐక్యరాజ్యసమితి సైనికులు ఉన్నారు. చంపుడు మొదలయ్యాక భద్రతామండలి వాళ్ల సంఖ్య పెంచలేదు, 270కి తగ్గించింది. ఎవరూ రాకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఆ నిర్ణయానికీ శవాలున్నాయి. జోక్యం వద్దు అనేవాళ్లు ఆ లెక్క కూడా చెప్పాలి.

సిక్కోలు_చిన్నోడు
రాదికక్కా, రువాండా మాట నిజమే. మరి లిబియా సంగతేటి?

కడప_కరీం
యుద్ధమంటే టీవీలో చూసే వాళ్లకూ, దాని కింద పండుకున్నోళ్లకూ శానా తేడా ఉంటాది. నేను ఆ పొద్దు కువైట్లో ఉండాను. 1990 ఆగస్టు 2. తెల్లారి లేసి చూస్తే రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు. మా సేట్ ముందే ఎల్లిపోయినాడు, మూడు నెలల జీతం ఎగ్గొట్టి. పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే. పగలగొట్టి తీసుకున్యాము.

బస్రా మీద, బాగ్దాద్ మీద బస్సుల్లో పోయి జోర్డాన్ సరిహద్దు చేరితిమి. ఎడారిలో గుడారాలు, నీళ్ల కోసం కొట్లాటలు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి తెచ్చినారు. మన వాళ్లను లక్షా డెబ్బై వేల మందిని అట్ల తెచ్చినారంట. ఇప్పటికీ దాన్ని మించింది లేదంటారు. బొంబాయి నుంచి రైల్లో కడపలో దిగినప్పుడు నా చేతిలో ఒక లుంగీ, ఒక చెంబు ఉండె.

కాబట్టి సూటిగా చెప్తాండా. 1991లో బయటి సైన్యాలొచ్చి సద్దాంను కువైట్ నుంచి తరిమినాయి చూడు, అది ఒప్పు. అది జరగకపోతే ఒకడి దేశాన్ని ఇంకొకడు మింగేసి కూర్చునేవాడు. మళ్లా 92లో పోయి ఇంకో పద్నాలుగేండ్లు అక్కడే బతికినా.

నుంగంబాక్కం_రావు
కరీం గారు చెప్పినదాన్లో ఒక గీత ఉంది. దాన్ని జాగ్రత్తగా చూడాలి. 1991లో పని ఆక్రమించినవాణ్ణి బయటికి నెట్టడం. 2003లో పని పాలకుణ్ణే మార్చడం. సైన్యాలు దాదాపు అవే, శత్రువూ అతనే. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

91లో పెద్ద బుష్ కువైట్ దగ్గర ఆగాడు, బాగ్దాద్ వెళ్లలేదు. అయితే ఒక పాపం చేశాడు. సద్దాంను మీరే దించండి అని ఇరాక్ జనానికి పిలుపిచ్చాడు. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు లేచారు. సద్దాం వాళ్లను తొక్కేస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు. మాటతో ఎగదోసి చేత్తో వదిలేయడం కూడా జోక్యమే అంటాను నేను.

ఇక 2003. ఆ ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ భద్రతామండలిలో కూర్చుని సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని బొమ్మలు చూపించాడు. మార్చి 20న దండయాత్ర. ఆయుధాలు దొరకలేదు. నేనప్పుడు పత్రికలో అనువాదాల డెస్కులో ఉన్నాను. పావెల్ ప్రసంగం రాత్రి పదకొండు దాకా కూర్చుని తెలుగు చేశాను. ఆ కాగితం మీద నా అక్షరాలున్నాయన్న బాధ ఇప్పటికీ పోలేదు.

సెంట్రల్_సురేష్
రావు గారూ, సద్దాం మంచోడా మరి? హలబ్జాలో విషవాయువుతో కుర్దుల్ని వేలమందిని చంపినవాడు. పోవాల్సినవాడే పోయాడు.

నుంగంబాక్కం_రావు
మంచోడని ఎవరన్నారు నాయనా. హలబ్జా 1988లో. అప్పుడు ఎవరూ దండెత్తలేదు, ఎందుకంటే అప్పుడతను ఇరాన్ మీద యుద్ధం చేస్తున్నాడు, పెద్ద దేశాలకు పనికొస్తున్నాడు. పదిహేనేళ్ల తర్వాత అదే హలబ్జాను దండయాత్రకు కారణంగా చెప్పారు. నేరం మారలేదు, అవసరం మారింది. ఉద్దేశాల గురించి శీను అడిగినదానికి నా జవాబు అదే.

ఓఎమ్మార్_రాధిక
ఉద్దేశం చెడ్డదైతే మాత్రం ఏం? బావిలో పడ్డ పిల్లాణ్ణి పేరు కోసం తీసినా తీసినట్టే కదా. ఫలితం చూడాలి గానీ మనసులో ఏముందో తవ్వడం ఎందుకు?

నుంగంబాక్కం_రావు
తవ్వాలమ్మా. ఉద్దేశమే తర్వాత జరిగేదాన్ని నిర్ణయిస్తుంది. పిల్లాడి కోసం దిగినవాడు పిల్లాణ్ణి పైకిచ్చి వెళ్లిపోతాడు. బావి కోసం దిగినవాడు బావిలోనే కాపురం పెడతాడు.

మెట్రో_మధు
పైది స్క్రీన్‌షాట్ తీసుకున్నా 🙂

సిక్కోలు_చిన్నోడు
నాను చెప్పేదీ అదే. లిబియా మొదలెట్టింది జనాన్ని కాపాడ్డానికే. 2011 మార్చి 17న భద్రతామండలి 1973 నంబరు తీర్మానం. బెంఘాజీలో జనాన్ని గడాఫీ చంపేస్తాడు, అడ్డుకోండి అని. మన దేశం ఓటెయ్యకుండా ఉండిపోనాది. చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ కూడా. అప్పుడు మనోళ్లని పిరికోళ్లని తిట్టినారు.

కాపాడ్డానికి ఎలిపోయినోళ్లు గడాఫీని చంపేదాకా ఆగలేదు. అక్టోబరు 20న సిర్తేలో చచ్చిపోనాడు. ఆ తరవాత? ఆళ్ల ఆయుధాలు ఎడారి దాటి మాలీకెళ్లిపోయి అక్కడ యుద్ధం రేగింది. లిబియాలో ఒక దేశానికి రెండు ప్రభుత్వాలు. మనుషుల్ని వేలంలో అమ్మిన వీడియో 2017లో లోకమంతా చూసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోనట్టు.

నా బాధ ఏటంటే, మా మేనమావ అక్కడ కట్టడాల పనిలో ఉండీవోడు. గడాఫీ ఉన్నప్పుడు భయమే, నోరెత్తితే జైలే. గాని ఒకటో తారీకు జీతం వచ్చీది. 2011లో మన సర్కారు ఓడలు, విమానాలు పంపి తీసుకొచ్చీసింది. మళ్లీ ఎల్తానంటే మేం కాళ్లు పట్టుకుని ఆపినాం. ఆపి మంచి పనే చేసినాం. 2015 జులైలో సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు మనోళ్లని ఎత్తుకుపోనారు. కర్ణాటకోళ్లిద్దర్ని కొద్ది రోజుల్లోనే వదిలీసినారు. మిగతా ఇద్దరూ తెలుగోళ్లు, 2016 సెప్టెంబరు దాకా ఇంటికి రాలేదు. పద్నాలుగు నెలలు ఆ ఇళ్లల్లో పొయ్యి ఎలగ వెలిగిందో ఆలోచించండి.

కడప_కరీం
ఆ పద్నాలుగు నెలలు మేము మన్నడి మసీదులో ప్రతి శుక్రవారం ఆళ్ల కోసం దువా చేస్తిమి తమ్ముడూ.

సిక్కోలు_చిన్నోడు
పెద్దాయనా, ఆ మాట చాలు.

ఓఎమ్మార్_రాధిక
లిబియా విషయంలో ఒప్పుకుంటున్నా. కూల్చిన మర్నాటికి ప్లాన్ లేకపోవడమే తన పాలనలో పెద్ద తప్పు అని ఒబామాయే 2016లో ఒప్పుకున్నాడు. కానీ అది చేసిన తీరు తప్పు, చేయడం తప్పు కాదు. బెంఘాజీలో గడాఫీ సైన్యం దూరి ఉంటే ఇవాళ మనం ఇక్కడ ఇంకో రువాండా గురించి మాట్లాడుకునేవాళ్లం.

వైజాగ్_వాణి
అందరూ దూరం దేశాల గురించే మాట్లాడుతున్నారు. మనం చేసింది మర్చిపోయారా? 1971.

కోటి మంది దాకా శరణార్థులు తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి మన మీద పడ్డారు. ఇందిరమ్మ మార్చి నుంచి డిసెంబరు దాకా ఓపిక పట్టింది, రష్యాతో ఒప్పందం చేసుకుంది, దేశాలన్నీ తిరిగి చెప్పింది. డిసెంబరు 3న పాకిస్తానే మన విమానాశ్రయాల మీద బాంబులేసింది. 16న ఢాకాలో 93 వేల మంది లొంగిపోయారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా వైజాగ్ ఒడ్డునే మునిగింది, 3వ తేదీ అర్ధరాత్రి దాటాక. ఆ చప్పుడుకి మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో అటక మీద ఇత్తడి బిందె కిందపడిందట. అది సొట్టతోనే ఇప్పటికీ ఉంది. చెన్నైకి కాపురానికి వచ్చేటప్పుడు పట్టుబట్టి తెచ్చుకున్నా.

అప్పుడు ఐక్యరాజ్యసమితిలో 104 దేశాలు యుద్ధం ఆపమని ఓటేశాయి. మన వైపు పదకొండే. ప్రపంచమంతా తప్పన్నది ఒప్పు అయిన సందర్భం అది. 72 మార్చి కల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది. మూడు నెలలు! అఫ్గానిస్తాన్‌లో అమెరికా ఇరవై ఏళ్లుంది.

సెంట్రల్_సురేష్
వాణి గారికి సెల్యూట్. అసలు పాయింట్ ఇదే.

నుంగంబాక్కం_రావు
నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి చేరుస్తాను. 71 గెలవడానికి కారణం మన ఫిరంగులు మాత్రమే కాదు. అప్పటికే అక్కడ ఎన్నికల్లో గెలిచిన నాయకుడు ముజీబ్ ఉన్నాడు, పోరాడే ముక్తి వాహిని ఉంది. మనం కుర్చీ తయారు చేయలేదు, కుర్చీకి అడ్డంగా ఉన్నవాణ్ణి లేపాం. పాకిస్తాన్‌ను రెండు ముక్కలు చేసే అవకాశం అని లోపల లెక్క వేసుకున్న మాటా నిజమే. కేవలం దయతో ఏ దేశమూ యుద్ధానికి వెళ్లదు. అయినా నాలుగేళ్లు తిరక్కుండానే ముజీబ్‌ను సొంత సైన్యమే ఇంట్లో చంపేసింది. మనం ఇవ్వగలిగింది విడుదల వరకే.

వరంగల్_బిడ్డ
మీరంత దూరం దేశాలు తిరుగుతున్నరు. మాకు ఇంట్లనే జరిగింది. 1948 సెప్టెంబర్ 13, పోలీస్ యాక్షన్. ఐదు రోజుల్ల అయిపోయింది. మా నాయినమ్మ చెప్పేది, రజాకార్లు అస్తున్నరంటే ఆడోళ్లు చేన్లల్ల దాక్కునేటోళ్లట. మిలట్రీ వచ్చినంక ఊర్ల అందరు బోనాలు ఎత్తిండ్రట. ఆమెకు అది విముక్తే. నేను కాదనను.

కని అయిపోయినంక ఏమైంది? బీదర్ దిక్కు, మరాఠ్వాడ దిక్కు ఏ పాపం ఎరుగని ముస్లింలను కోసిండ్రు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది సచ్చిన్రని రాసింది. ఆ రిపోర్టును ఎన్నో ఏండ్లు బయటికి రానియ్యలే. రజాకార్లతోని కొట్లాడిన మా రైతుల మీదికే మళ్ల అదే మిలట్రీ తుపాకులు తిరిగినయి, 51ల పోరాటం ఆపేదాక. మా తాత తమ్ముడు అట్లనే పోయిండు. అంటే ఒకే ఇంట్ల, ఒకే మిలట్రీ, ఒకలకు బోనం, ఒకలకు పాడె.

సెంట్రల్_సురేష్
బ్రదర్, అది విదేశం కాదు. హైదరాబాద్ భారతదేశంలో భాగం. దీన్ని ఇందులోకి ఎందుకు లాగుతున్నావ్?

వరంగల్_బిడ్డ
నిజాం అప్పుడు భద్రతామండలికి పోయి కంప్లైంట్ పెట్టిండన్నా. ఆయన లెక్కల ఆయనది వేరే దేశమే. మన లెక్కల కాదు. ప్రతి యుద్ధంల ఈ రెండు లెక్కలుంటయి, గందుకే చెప్పిన.

సెంట్రల్_సురేష్
నిజాం లెక్క ఎవడిక్కావాలి. రజాకార్లను ఊరికే వదిలేయాలా అయితే? మీ వాదన చివరికి అక్కడికే పోతుంది.

కడప_కరీం
సురేష్ బాబూ, ఆ పిల్లోడు వదిలేయమన్లేదు. వాళ్ల నాయినమ్మకు మేలు జరిగిందనే చెప్పినాడు. ఆ తర్వాత సచ్చినోళ్లను కూడా లెక్కలో రాయమంటాండాడు, అంతే.

వేదిక_నిర్వాహకుడు
హైదరాబాద్ విలీనం మీద వేరే చర్చ తెరిచాను, అటు వెళ్లండి. ఇక్కడ శీను గారి ప్రశ్న మీదే ఉండండి. మనుషుల మీద వ్యాఖ్యలు తీసేస్తాను.

మెట్రో_మధు
కొన్ని గెలిచిన కేసులు చెప్పండి ఎవరైనా. 71 తప్ప.

ఓఎమ్మార్_రాధిక
కంబోడియా. అక్కడి నియంత పోల్ పాట్ నాలుగేళ్లలోపే 15 నుంచి 20 లక్షల మందిని చంపించాడు. వియత్నాం 1978 డిసెంబరు 25న దండెత్తి, జనవరి 7కల్లా నాంపెన్ పట్టుకుంది. చంపుడు ఆగింది. ఇది జోక్యం కాదా? మేలు కాదా?

నుంగంబాక్కం_రావు
మంచి ఉదాహరణ. అందులో నీతి కంటే నేర్చుకోవలసింది ఎక్కువ ఉంది. వియత్నాం వెళ్లింది కంబోడియన్ల మీద ప్రేమతో కాదు. పోల్ పాట్ మనుషులు సరిహద్దు దాటొచ్చి వియత్నాం పల్లెల్ని నరికారు కాబట్టి. అయినా లక్షల ప్రాణాలు నిలిచాయి. మరి ప్రపంచం మెచ్చుకుందా? చైనా 79 ఫిబ్రవరిలో వియత్నాం మీద పడింది. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఆ తర్వాత కూడా పోల్ పాట్ పక్షానికే ఉంచారు, అమెరికా, చైనా రెండూ కలిసి. కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో మనదొకటి, 1980లో. వియత్నాం పదేళ్లు అక్కడే ఇరుక్కుంది.

ఇలాంటిదే టాంజానియా. ఉగాండా నియంత ఇడీ అమీన్ సైన్యం తమ భూమిలోకి చొరబడ్డాకే టాంజానియా అధ్యక్షుడు నైరేరే సైన్యం కదిలింది, 79 ఏప్రిల్‌లో కంపాలా పట్టుకుంది. అమీన్ పోయాడు. కానీ ఉగాండా ఇంకో ఏడేళ్లు అంతర్యుద్ధంలో ఉడికింది.

సెంట్రల్_సురేష్
జపాన్, జర్మనీ? రెంటినీ ఓడించి, ఆక్రమించి, బాగుచేసి ఇచ్చారు. ఇరాక్‌లో ఎందుకు కుదర్లేదు?

నుంగంబాక్కం_రావు
ఇదీ ప్రశ్న అంటే. జపాన్‌లో అమెరికా జనరల్ మెకార్థర్ చక్రవర్తిని ఉంచేశాడు, ఆఫీసుల్లో గుమాస్తాల్ని చాలావరకు ఉంచేశాడు. మర్నాడు కూడా రైళ్లు నడిచాయి. ఇరాక్‌లో అమెరికా పెట్టిన పాలకుడు పాల్ బ్రెమర్ 2003 మేలో రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. మొదటిది: సద్దాం బాత్ పార్టీలో పై స్థాయి వాళ్లందరికీ ఉద్యోగాలు తీసేయడం. అక్కడ బడి పంతులు, ఆసుపత్రి పెద్ద కూడా పార్టీ కార్డు లేకపోతే పైకి రాలేని రోజులవి. రెండోది: మొత్తం సైన్యాన్ని రద్దు చేయడం. లక్షల మంది చేతిలో తుపాకీతో, ఇంట్లో జీతం లేకుండా రోడ్డున పడ్డారు. ఆ సైన్యం అధికారులే కొందరు తర్వాత ఐసిస్‌కు నాయకులయ్యారు. 2014 జూన్‌లో ఆ ఐసిస్ మోసుల్ పట్టుకుంది. అక్కడ పనికెళ్లిన మన కూలీలు 39 మంది చనిపోయారని 2018లో పార్లమెంటులో చెప్పారు. ఎక్కడో బాగ్దాద్‌లో ఒక సంతకం, పదకొండేళ్లకు పంజాబు పల్లెల్లో ఏడుపు.

ఆ 2003లోనే మన సైన్యాన్ని ఇరాక్ పంపమని అమెరికా గట్టిగా అడిగింది. ఒక డివిజన్, సుమారు 17 వేల మంది. కొందరు మంత్రులకు మొగ్గు కూడా ఉండేది. వాజపేయి జులైలో వద్దన్నాడు. ఆ ఒక్క 'వద్దు' విలువ ఎంతో మోసుల్ చూశాక తెలిసింది.

వైజాగ్_వాణి
ఎందుకు వద్దన్నాడో చెప్పండి రావు గారూ. శ్రీలంక గుర్తుండే కదా?

గుమ్మిడిపూండి_గిరి
శ్రీలంక దగ్గరికి ఎవరో ఒకరు వస్తారని నిన్నటి నుంచి చూస్తున్నా. శీను అన్నా, మీ నాన్నగారి మీద గౌరవంతోనే రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

మాది గుమ్మిడిపూండి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా ఇంటికి కొద్ది దూరంలోనే లంక నుంచి వచ్చినవాళ్ల క్యాంపు. నా క్లాసులో సగం మంది ఆ పిల్లలే. నా దోస్తు వాళ్ల అమ్మమ్మది జాఫ్నా. చిన్నప్పుడు ఆవిడ చేతి పుట్టు (బియ్యప్పిండితో చేసే ఆవిరి వంటకం) తినే పెరిగాను. 90లో పడవలో రామేశ్వరం వచ్చి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చారు.

ఆవిడ చెప్పింది చెప్తా. 87 జూన్ 4న మన విమానాలు బెంగళూరు నుంచి వెళ్లి జాఫ్నా మీద ఆహారం మూటలు జారవిడిచాయి. ముందు రోజు పడవల్లో పంపితే లంక నేవీ తిప్పి పంపేసింది, అందుకని విమానాలు. ఆవిడ ఆ రోజు దాబా ఎక్కి చేతులెత్తి దణ్ణం పెట్టిందట, ఇండియా వచ్చేసింది, ఇంక చావం అని. జులై ఆఖర్న ఒప్పందం అయ్యి మన జవాన్లు దిగితే దండలేశారు. అక్టోబరులో మన సైన్యానికీ పులులకీ (ఎల్టీటీఈకి) యుద్ధం మొదలైంది. ఆవిడ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "జూన్‌లో అన్నం పడ్డ ఆకాశం నుంచే అక్టోబరులో గుండ్లు పడ్డాయి తంబీ." వాళ్ల రెండో అబ్బాయి ఆ అక్టోబరులోనే పోయాడు, సోదాకొచ్చినప్పుడు. పులుల్లో లేడు. సైకిల్ షాపు.

మూడో అబ్బాయిని తర్వాత పులులు పట్టుకుపోయారు. ఆవిడ ఇద్దర్నీ తిట్టదు. "ఇండియా" అనే మాట వస్తే మాత్రం కాసేపు మాట్లాడదు. ఇండియాలోనే ఉంటోంది, ముప్పై అయిదేళ్లుగా.

మెట్రో_మధు
ఇది చదివి ఏం రాయాలో తెలీలేదు. మొదట్లో నేను ఒక్క ముక్కలో చమురు అనేశాను. తీసుకుంటున్నా ఆ మాట.

నుంగంబాక్కం_రావు
గిరీ, ఆవిడకు నా నమస్కారం చెప్పు.

నేను ఆ రోజుల్లో మద్రాసులో రిపోర్టర్ని. 82 మేలో పాండీ బజారులో పులుల నాయకుడు ప్రభాకరన్, అతని ప్రత్యర్థి ఉమామహేశ్వరన్ ఒకరినొకరు కాల్చుకున్న వార్త రాసినవాణ్ణి. 83లో లంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత ఆ కుర్రాళ్లకు శిక్షణ, డబ్బు, ఆయుధాలు ఇచ్చింది మనమే. మద్రాసులో వాళ్ల ఆఫీసులు బాహాటంగా ఉండేవి, మేం వెళ్లి టీ తాగి ఇంటర్వ్యూలు తీసుకునేవాళ్లం. నాలుగేళ్ల తర్వాత అదే చేతుల్లోంచి తుపాకులు తీసుకోవడానికి మన సైన్యాన్ని పంపాం. 72 గంటల్లో ఇచ్చేస్తారు అన్నారు.

కారణాలు? తమిళుల మీద హింస నిజం, లక్షకు పైగా శరణార్థులు ఇక్కడికి రావడం నిజం, తమిళనాడులో జనం ఆవేశం నిజం. ఒప్పందంతో పాటు మార్చుకున్న ఉత్తరాలు చదివితే ఇంకో కారణం కనిపిస్తుంది. ట్రింకోమలీ ఓడరేవును మనకు ఇబ్బందయ్యే ఏ దేశ సైన్యానికీ ఇవ్వకూడదు అని రాయించుకున్నాం. జనం కోసమూ వెళ్లాం, రేవు కోసమూ వెళ్లాం. రెండు పడవల మీద రెండు కాళ్లు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 88లో లంక ఉత్తర, తూర్పు ప్రాంతానికి వరదరాజ పెరుమాళ్‌ను ముఖ్యమంత్రిని చేశాం. పులుల్ని ఎదుర్కోడానికి ఆయన పక్షాన ఒక సైన్యాన్నీ తయారుచేశాం, కుర్రాళ్లను బలవంతంగా పట్టుకొచ్చి. 90 మార్చిలో మన సేన వెనక్కొస్తుంటే ఆ ముఖ్యమంత్రీ ఇండియాకే వచ్చేశాడు. ఆ సైన్యం చెదిరిపోయింది, తుపాకులు పులుల పాలయ్యాయి. 2021 ఆగస్టు 15న అఫ్గాన్ అధ్యక్షుడు ఘనీ కాబూల్‌ను తాలిబన్లకు వదిలి పారిపోయినప్పుడు నేను టీవీ ముందు కూర్చుని మా ఆవిడతో అన్నాను, ఇది మనం ముప్పై ఏళ్ల కిందట ట్రింకోమలీలో చూసిందే అని.

ఓఎమ్మార్_రాధిక
నిన్నటి నుంచి వాదిస్తున్నా, గిరి రాసింది చదివాక ఒక మాట మార్చుకుంటున్నా. రువాండాలో వెళ్లి ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను, అది మార్చుకోను. కానీ 'ఫలితమే ముఖ్యం' అన్నాను కదా, ఆ ఫలితం ఎప్పుడు లెక్క కట్టాలి? జూన్‌లోనా, అక్టోబరులోనా, 90లోనా? 87 జూన్‌లో అడిగితే నేను కూడా ఆవిడ పక్కన దాబా మీద నిలబడి చేతులెత్తేదాన్నే.

వరంగల్_బిడ్డ
గదే అక్కా. మా నాయినమ్మ బోనం గూడ గంతే.

సెంట్రల్_సురేష్
మన జవాన్లు సుమారు 1,200 మంది అక్కడ ప్రాణాలిచ్చారు. వాళ్లను ఇందులో దోషులుగా చూపించొద్దు. పంపినవాళ్లను అడగండి. తిరిగొచ్చినప్పుడు మద్రాసు రేవులో అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి కూడా రాలేదు. అది నాకు ఇప్పటికీ మండుతుంది.

గుమ్మిడిపూండి_గిరి
సురేష్ అన్నా, జవాన్లను నేను ఒక్క మాట అనలేదు. అమ్మమ్మా అనలేదు. "ఆ పిల్లలకు మా భాష రాదు, మా వీధులు తెలీవు, ఎవడు పులో ఎవడు కాదో ఎట్లా తెలుస్తుంది" అనేది.

పెరంబూరు_శీను
రెండు రోజులుగా రాయలేదు. చెప్పాల్సింది ఉంది.

ఇదంతా నిన్న రాత్రి మావాడు తాతకు మొదటి నుంచీ చదివి వినిపించాడు. నేను వంటింట్లో ఉన్నా, కావాలనే. లిబియా, ఇరాక్ అన్నీ విన్నారు. గిరి రాసిన చివరి మాట దగ్గర, ఆ పిల్లలకు మా భాష రాదు అన్న దగ్గర, ఆపమన్నారు.

"నాకొచ్చు" అన్నారు.

నాన్న పుట్టి పెరిగింది పెరంబూరులోనే. తమిళం మనకంటే బాగా మాట్లాడతారు. అందుకని ఎక్కడ సోదాకి వెళ్లినా ఆయన్నే ముందు నిలబెట్టేవారట. ఆగస్టులో దిగిన కొత్తల్లో ఒక వీధిలో ఒకావిడ వీళ్లందరికీ తాటిబెల్లం ముక్క, టీ ఇచ్చిందట. పేరు కూడా అడిగి "వాంగో తంబీ" (రండి తమ్ముడూ) అని పిలిచేదట. అక్టోబరులో అదే వీధి. ఆ తలుపు ముందే నిలబడి, అందరూ చేతులెత్తి బయటికి రండి అని తమిళంలో అరవాల్సింది నాన్నే. ఆవిడ బయటికొచ్చి ముఖం చూసి "నీయా తంబీ?" అందట. నువ్వా తమ్ముడూ, అని. అంతే అందట.

మావాడు, తర్వాత ఆవిడకేమైంది తాతా అన్నాడు. తెలీదన్నారు. మళ్లీ ఆ వైపు వెళ్లినప్పుడు ఆ ఇంటికి కప్పు లేదన్నారు. ఇంకేమీ చెప్పలేదు. మావాడు తాత కాళ్ల దగ్గరే కింద పడుకున్నాడు రాత్రంతా, ఫ్యాన్ గాలి రాకపోయినా.

పొద్దున్న కాఫీ తాగుతూ నన్ను పిలిచి, ఆ గుమ్మిడిపూండి అబ్బాయిని అడుగు, ఆ పెద్దావిడ నన్ను చూడ్డానికి ఒప్పుకుంటుందేమో అన్నారు. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యొద్దన్నారు. ఆవిడది ఏ వీధో కూడా కనుక్కోమన్నారు.

కడప_కరీం
ఇది చదివి కొట్టు షట్టరు సగం దించేసి కూర్చున్యాను.

వైజాగ్_వాణి
శీను గారూ, నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోండి. 71 గురించి అంత గర్వంగా రాశాను, ఆ గర్వం తగ్గలేదు. కానీ ఈ రాత్రి ఆ సొట్ట బిందె చూస్తే వేరేగా ఉంది.

గుమ్మిడిపూండి_గిరి
శీను అన్నా, వెంటనే జవాబివ్వలేదు, క్యాంపుకి వెళ్లొచ్చా. అమ్మమ్మకు చెవులు సరిగా వినపడవు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు ఏమీ అనలేదు. దోస్తు నన్ను బయటికి పంపించేద్దామని లేచాడు. అప్పుడడిగింది, ఆయనకి తమిళం వచ్చా అని. వచ్చంటే, అయితే రమ్మను, ఆదివారం పొద్దున అయితే ఎండ ఉండదు అంది.

ఆవిడది నల్లూరు వైపు. నాన్నగారికి ముందే చెప్పండి.

పెరంబూరు_శీను
చెప్పా. నల్లూరు అనగానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన వీధి అక్కడ కాదట, అయినా వస్తానన్నారు. మావాడూ వస్తాడట. కారు వద్దు, రైల్లోనే వెళ్దాం అంటున్నారు.

గుమ్మిడిపూండి_గిరి
పెరంబూరులో ఎక్కితే బేసిన్ బ్రిడ్జిలో దిగి మారాలి, గుమ్మిడిపూండి లోకల్ అక్కడే ఆగుతుంది. మెట్లు ఎక్కి దిగాలి, ఆయనకు కష్టమైతే ముందే చెప్పండి, నేను బేసిన్ బ్రిడ్జికే వచ్చేస్తా.